పరదేశి మేస్త్రి నోటి వాసన

పరదేశి మేస్త్రికి ఉన్న పిచ్చి ఒక్కటే. ఎదురుపడ్డ ప్రతి మనిషి చేతా తన నోరు వాసన చూపించుకోవడం.

మిగతా విషయాల్లో ఆయనకు వంక పెట్టడానికి లేదు. రాయ్‌పూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ కాలనీ దాటాక, రైలు వాగన్ల తలుపులూ పక్కరేకులూ బాగుచేసిచ్చే ఒక ప్రైవేటు షెడ్డు ఉండేది. ఎనభై మంది పనివాళ్ళు, ఒక పెద్ద క్రేను, క్రేను పక్క గోడకి ఒక ఆంజనేయస్వామి పటం. పొద్దున్న ఎనిమిదింటికి మేస్త్రి లోపలికొచ్చి, చెప్పులు విడిచి, పటానికి దండం పెట్టేవాడు. అంతవరకూ ఏ మేస్త్రయినా చేసేదే. ఆ తర్వాత పటానికి జానెడు దూరంలోకి మొహం తీసుకెళ్ళి, నోరు బార్లా తెరిచి, "హా..." అని ఊదేవాడు.

"సూడు తండ్రీ. ముందు నువ్వు సూడు."

స్వామి అయ్యాక మనుషుల వంతు. గ్యాంగు వరసలో నిలబడితే, ఈ చివరినుంచి ఆ చివరికి ఒకసారి చూసి, ఎవరో ఒకరిని పేరుపెట్టి పిలిచేవాడు. పిలిపించుకున్నవాడు నాలుగడుగులు వేసి వచ్చి, ఆయన మొహంలో మొహం పెట్టి వాసన చూసి, అదేం వాసనో షెడ్డంతా వినబడేలా చెప్పాలి.

"ఉల్లిపాయ మేస్త్రీ!"

"ఇంకేటీ లేదు కదా?"

"పచ్చిమిరపకాయ కూడా."

"అది సద్దన్నంలోది. మరింకేటీ లేదు కదా?"

"లేదు."

"అయితే ఎత్తండి క్రేను."

అప్పుడుగానీ క్రేను తాళంచెవి ఆయన జేబులోంచి బయటికి వచ్చేది కాదు.

ఈ పిచ్చికి ఒక తోక కూడా ఉండేది. వాసన చూసినవాణ్ణి ఒక్కోరోజు ఉన్నట్టుండి స్టోరుకి పంపేసేవాడు. "ఒరే, నీ నక్షత్రం ఈ పొద్దు బాగులేదు. పైకి ఎక్కకు. స్టోర్లో కూకోని బోల్టులకి నూనె రాయి." ఒకరోజు నక్షత్రం, ఒకరోజు బల్లి పలికింది, ఇంకోరోజు పిల్లి ఎడమ నుంచి కుడికి పోయింది. ఆ షెడ్డు బోల్టులకు పట్టినంత నూనె ఛత్తీస్‌గఢ్ మొత్తంలో ఏ బోల్టుకీ పట్టి ఉండదు. తీసి బిగించబోతే చేపల్లా జారిపోయేవి.

క్రేను నడిపే యుగంధర్‌కి ఈ వ్యవహారమంతా తలకొట్టేసినట్టు ఉండేది. నలభై దాటిన మనిషి, పదో తరగతి చదివే కూతురు లహరికి తండ్రి, పైన గదిలో కూర్చుని ఆరు టన్నుల బరువును పూలబుట్టలా దింపగల పనిమంతుడు. కానీ "మీ మేస్త్రి అదే కదా, నోరు తెరిచే ఆయన?" అని ఎవరైనా అడిగితే చాలు, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

లహరి ఓణీల పండక్కి యుగంధర్ భార్య రాజశ్రీకి చీర కొందామని అతనూ మేస్త్రీ పండరీ బట్టల బజారుకి వెళ్ళారు. బట్ట పట్టుకుని చూడగానే నాణ్యం చెప్పగలడని మేస్త్రిని వెంటపెట్టుకెళ్ళాడు యుగంధర్. కొట్లో సేఠ్‌గారు చీరలు పరిచారు. బేరం మొదలయ్యేముందు మేస్త్రి ఆయన మీదికి వంగి, "సేఠ్‌జీ, పహ్లే జరా సూంఘ్ లీజియే" అని, వాసన చూడమంటూ నోరు తెరిచాడు.

సేఠ్‌గారు భయపడి వెనక్కి ఒరిగారు. పన్నునొప్పేమో అనుకుని కొట్లో పనివాడొకడు లవంగాలు తెచ్చాడు. "పన్ను కాదు బాబూ, వాసన. తాగీసొచ్చి బేరమాడతన్నానని రేపు మీకు అనుమానం రాకూడదు" అని మేస్త్రి హిందీలో వివరించాడు. చివరికి సేఠ్‌గారు ధైర్యం చేసి ముక్కు ముందుకు పెట్టి, "ధనియాలు" అన్నారు.

"భలే చెప్పినారు! మా ఆవిడ పొద్దున్న చారు పెట్టింది."

యుగంధర్ అప్పటికే వేలాడే పరదాల వెనకాల దాక్కున్నాడు. ఆ సిగ్గులో రంగూ అంచూ చూడకుండా చేతికందిన కట్ట తీసుకుని బయటపడ్డాడు. ఇంటికొచ్చి రాజశ్రీ విప్పి చూస్తే అది డబుల్ బెడ్డు దుప్పటి.

షెడ్డుకి తనిఖీకి వచ్చిన ప్రియదర్శిని మేడంగారినీ వదల్లేదు ఆయన. తెల్ల హెల్మెట్టు పెట్టుకుని, చేతిలో కాగితాలతో ఆవిడ క్రేను దగ్గరికి రాగానే అడ్డంగా నిలబడి "హా" అన్నాడు. మేనేజరు వెంకటస్వామిగారు నెత్తి కొట్టుకున్నారు. ఆయనది కరీంనగర్ వైపు.

"ఏందయ్యా పరదేశీ, ఇజ్జత్ తీస్తున్నవ్! మేడం, మాఫ్ చేయండి, మనిషి మంచోడే."

మేడంగారు మాత్రం హెల్మెట్టు సర్దుకుని, ముక్కు దగ్గరికి తెచ్చి, తన కాగితం మీద రాసుకుంటూ, "మెంతులు" అన్నారు. అసలు విషయం తెలిసినట్టు ఒక్కసారి మేస్త్రి వంక చూసి, ఇంకేమీ అనకుండా ముందుకు వెళ్ళిపోయారు.

*

ఈ పిచ్చి పుట్టిన రోజు యుగంధర్‌కి బాగా గుర్తు. 2009. అప్పటి మేనేజరు వేరే.

ఆ రోజుల్లో పరదేశి మేస్త్రి అంటే షెడ్డుకి హడల్. తాగి వచ్చేవాడు. కొలత తప్పితే తప్పు కిందివాడిది, రేకు పగిలితే తప్పు రేకుది. ఎవరైనా "మేస్త్రీ, ఇక్కడ పొరపాటు జరిగింది" అంటే చేతిలోని పానా గాల్లోకి లేచేది. దాంతో జనం చెప్పడం మానేశారు. పొరపాట్లు నోరు మూసుకుని వాగన్లకు బిగుసుకుని రైలెక్కి వెళ్ళిపోయేవి.

క్రేను కింద నిలబడి చేతిసైగలు చేసే పని మేస్త్రిదే. పైనున్నవాడికి కింద ఏముందో కనబడదు. కిందివాడి చెయ్యే వాడి కళ్ళు. ఆ రోజు పొద్దున్న ఇనప తలుపు గాల్లో ఉంది. మేస్త్రి చెయ్యి "ఆపు" అనవలసిన చోట "దింపు" అంది. యుగంధర్ దింపాడు.

కింద అచ్చయ్య కూర్చుని ఉన్నాడు. సరిగ్గా ఆ క్షణానికే మంచినీళ్ళ కోసం లేచాడు. లేవకపోయి ఉంటే ఈ కథ నవ్వుకునేది అయ్యేది కాదు. తలుపు అచ్చయ్య టిఫిన్ క్యారేజీ మీద దిగింది. నాలుగు గిన్నెల క్యారేజీ అప్పడంలా అయింది. లోపలి చేపల పులుసు స్తంభం దాకా చిమ్మింది.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. ఎనభై మందినీ చుట్టూ నిలబెట్టి, మేస్త్రి కాలరు పట్టుకుని, "ఊదు" అన్నాడు. "అందరి ముందూ ఊదు. అందరూ వాసన చూడండిరా మీ మేస్త్రిని!"

పరదేశి ఊదాడు. వరసలో ఒక్కొక్కరి ముందూ నిలబెట్టి ఊదించారు. కొందరు నవ్వారు. అచ్చయ్య మాత్రం తలదించుకున్నాడు. పైనుంచి దిగిన యుగంధర్ వంతు వచ్చేసరికి మేస్త్రి మెడ వంగి, గడ్డం గుండెకు తగిలింది. ఆ వంగిన మెడను యుగంధర్ మరిచిపోలేకపోయాడు. తను కూడా అప్పుడు నవ్విన సంగతి ఇంకా మరిచిపోలేకపోయాడు.

ఆ సాయంత్రమే పరదేశి ఆంజనేయస్వామి పటం ముందు ఒట్టు పెట్టుకున్నాడు. అప్పడమైన క్యారేజీని పటం కింద మేకుకి తగిలించాడు. అచ్చయ్యకి కొత్త క్యారేజీ కొనిచ్చాడు. కొనివ్వడమే కాదు, ఏటా అదే రోజున భార్య వరహాలమ్మ చేత చేపల పులుసు వండించి ఆ క్యారేజీ నింపేవాడు. "ఇంక చాల్లే మేస్త్రీ, పదేళ్ళయింది" అని అచ్చయ్య అంటే, "తినరా. నువ్వు తింటన్నావంటే నువ్వున్నావన్నమాట" అనేవాడు.

ఒట్టు నిలబడిందని జనం నమ్మడానికి ఆర్నెల్లు పట్టింది. ఒకరోజు ఒకడు వణుక్కుంటూ వచ్చి, "మేస్త్రీ, నేను కోసిన రేకు వేలెడు పొట్టి అయిపోయింది" అన్నాడు. పానా లేస్తుందని షెడ్డంతా తలలు వంచుకుంది. మేస్త్రి వాడి భుజం మీద చెయ్యి వేసి, "మంచిపని సేసినావు, బేగి చెప్పీసినావు. బండికి బిగించాక తెలిసుంటే ఏటి గతి?" అన్నాడు. అంతే. ఆ తర్వాత నెలలో వచ్చినన్ని పొరపాట్లు అంతకుముందు పదేళ్ళలో రాలేదు. అంటే జరగలేదని కాదు, చెప్పలేదని. చెప్పడం మొదలయ్యాక దిద్దడం మొదలైంది, మూడేళ్ళకు షెడ్డు మొత్తానికీ ఆయన్నే ఇన్‌ఛార్జిని చేశారు. ఎవరి పిల్లకు జ్వరమో, ఎవరి అమ్మకు కళ్ళ ఆపరేషనో ఆయనకు గుర్తుండేది. తాగే రోజుల్లో సొంత చెప్పులు ఎక్కడ విడిచాడో గుర్తుండని మనిషికి!

ఒక్క పిచ్చి మాత్రం మిగిలింది. "హా."

*

కరోనా వచ్చిపోయిన రెండో ఏడు, విశ్వకర్మ పూజ మర్నాడు.

పూజ ఎప్పటిలాగే జరిగింది. క్రేను కొక్కేనికి బంతిపూల దండ కట్టి, కుంకం పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. పూజ అయ్యాక సాయంత్రం ఒక మూల సీసాలు తెరుచుకున్నాయి. అప్పటికి రెండేళ్ళుగా యుగంధర్ తాగుతున్నాడు. కరోనాలో తమ్ముడు పోయినప్పుడు మొదలైంది అది. రాజశ్రీకి మానేశానని రెండుసార్లు చెప్పాడు. ఆ మర్నాడు పొద్దున్న చేతులు వణుకుతుంటే, వణుకు ఆగడానికి ఒక్క గుక్క వేసుకున్నాడు. గుక్క మీద ఎనిమిది ఏలకులు, దాని మీద మీఠా పాన్. గేటు దగ్గర వెంకటస్వామిగారు పెట్టించిన బోర్డు హిందీలో ఉంది: తాగి వస్తే ఆ రోజే ఉద్యోగం పోతుంది. అంతకుముందు ఏడు ఇద్దరికి నిజంగానే పోయింది కూడా. యుగంధర్ ఆ బోర్డు వంకా చూడలేదు, స్వామి పటం వంకా చూడలేదు.

గ్యాంగు వరసలో నిలబడింది. మేస్త్రి ఈ చివరినుంచి ఆ చివరికి చూశాడు.

"యుగంధరా. నువ్వు రా."

వెళ్ళాడు. మేస్త్రి నోరు తెరిచి "హా" అన్నాడు. రెండు మొహాల మధ్య అరచెయ్యి పట్టేంత సందు కూడా లేదు.

"ఏటి వాసన?"

"ఉల్లి... ఉల్లిపాయ మేస్త్రీ."

మేస్త్రి తల పైకెత్తి కొక్కెం వైపు చూసి, గట్టిగా అన్నాడు:

"క్రేను ఆపండి. ఈ పొద్దు ఎత్తీది లేదు."

"క్యా హువా మేస్త్రీ?" అన్నాడు ధనీరామ్. ఇక్కడివాడే, ఛత్తీస్‌గఢీ మనిషి, మేస్త్రి దగ్గర తెలుగు నేర్చుకున్నాడు.

"నిన్న కొట్టిన కొబ్బరికాయ కుళ్ళిపోయింది. నాకు వాసనొచ్చింది."

"ఆ కాయ నేనే తిన్నాను కదా! మస్తు తియ్యగా ఉంది!"

"నువ్వు తిన్నది ఒక చిప్ప. కుళ్ళింది రెండోది."

"రెండోదీ నేనే తిన్నా!"

ఎనభై మందీ పగలబడి నవ్వారు. మేస్త్రి కదల్లేదు. క్రేను తాళంచెవి తీసి బొడ్లో దోపుకున్నాడు. వెంకటస్వామిగారు గదిలోంచి చొక్కా సర్దుకుంటూ వచ్చారు.

"ఏంది లొల్లి? పగటీలి పన్నెండింటికి తనిఖీ ఉన్నది. ఏడు తలుపులు ఎక్కియ్యాలె. కొబ్బరికాయ కోసం క్రేన్ బంద్ చేస్తవా? పాగల్ అయినవా?"

"అవును సార్."

"గిట్ల మూఢనమ్మకాలతోని షెడ్డు నడుస్తదా? చూడు పరదేశీ, వచ్చే నెల నిన్ను సూపర్‌వైజర్ చేద్దామని పైకి రాసిన. ఇప్పుడే క్రేన్ ఎత్తకుంటే ఆ కాగితం వాపస్ తీసుకుంటా. మెమో గూడ ఇస్తా."

"ఇవ్వండి సార్. తప్పు నాదే. ఈ పొద్దు మాత్రం ఎత్తను."

యుగంధర్ పక్కనే ఉన్నాడు. తను ఒక్క మాట చెబితే మేస్త్రి పరువూ పదవీ రెండూ నిలుస్తాయి. చెప్పడానికి నోరు తెరవాలి. తెరిస్తే వెంకటస్వామిగారు రెండడుగుల దూరంలో ఉన్నారు. ప్రతి మనిషి ముందూ, దేవుడి ముందూ నోరు తెరిచే ఆయన ఒకవైపు, ఒక్క మాటకి నోరు తెరవలేని తను ఒకవైపు. ఇంతకాలం ఈ మనిషినా చూసి నేను సిగ్గుపడింది అనుకున్నాడు.

"నువ్వేటి బొమ్మలా నిలబడినావు?" అన్నాడు మేస్త్రి. "క్రేను లేదు కదా. స్టోరుకెళ్ళి బోల్టులకి నూనె రాయి."

యుగంధర్ వెళ్ళి నూనె రాశాడు. పదకొండింటికి మేస్త్రి స్టోరు గుమ్మంలో నిలబడి, తన క్యారేజీలోని మజ్జిగ గిన్నె లోపలికి జరిపాడు. "తాగు. కరివేపాకు ఏసింది మీ పిన్ని." అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. అది యుగంధర్‌కి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. మజ్జిగలో కన్నీళ్ళు పడతాయేమోనని గిన్నె ఎత్తి ఒక్క గుక్కలో తాగేశాడు.

మెమో వచ్చింది: మూఢనమ్మకంతో పని ఆపినందుకు. మేస్త్రి దాన్ని అద్దం కట్టించి, చితికిన క్యారేజీ పక్క మేకుకి తగిలించాడు. సూపర్‌వైజర్ పదవి రాలేదు.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక యుగంధర్ పటం ముందు నిలబడ్డాడు. నోరు తెరవాలనుకుని తెరవలేకపోయాడు. "రేపు చూపిస్తాను స్వామీ" అని దండం పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు చూపించాడు. ఆ మర్నాడూ చూపించాడు. మధ్యలో ఒక వారం చేతులు వణికాయి, ఇంకో వారం ఎవరి మీదో అరిచాడు, వెళ్ళి క్షమాపణ అడిగాడు. నాలుగు నెలలకు కొక్కెం అనుకున్నచోట వెంట్రుకవాసి తేడా లేకుండా ఆగడం మొదలైంది. కొత్తవాళ్ళు పని నేర్పమని అతని దగ్గరికే వచ్చేవాళ్ళు. "ఈమధ్య మీరు ఇంటికొచ్చి చెప్పులు జతగా విడుస్తున్నారండీ" అంది రాజశ్రీ ఒకరోజు, కూరగాయలు తరుగుతూ, తల ఎత్తకుండానే. యుగంధర్‌కి అంతకన్నా పెద్ద ప్రమోషను ఇంకేదీ కనబడలేదు.

కానీ మేస్త్రికి మాత్రం నిజం చెప్పలేకపోయాడు. రెండుసార్లు ఆయన ఇంటిదాకా వెళ్ళాడు. రెండుసార్లూ "రా రా, ముందు వాసన సూడు" అని ఆయన నోరు తెరిచాడు, ఇతను "చింతపండు" అని చెప్పి వచ్చేశాడు.

*

మేస్త్రి రిటైరయ్యే రోజున షెడ్డులోనే పందిరి వేశారు. వెంకటస్వామిగారు శాలువా కప్పబోతుంటే, "సార్, ముందు..." అని మేస్త్రి నోరు తెరిచాడు. వెంకటస్వామిగారు ఇన్నేళ్ళకు మొదటిసారి ముక్కు ముందుకు పెట్టి, "లడ్డూ!" అన్నారు. చప్పట్లతో రేకుల కప్పు అదిరింది.

పక్కన కుర్చీలో కూర్చున్న వరహాలమ్మ యుగంధర్ వైపు వంగింది. "ఏటి సోద్యమో బాబూ. అందరి చేతా వాసన చూపిస్తాడు గానీ, ఆయన ముక్కు పనిచేసి ఎన్నాళ్ళయిందో! కరోనా వచ్చినప్పుడు పోయిన వాసన మళ్ళీ రానే లేదు. మొన్న పప్పు మాడి ఇల్లంతా పొగ. ఈ మనిషి దాని పక్కనే కూకోని పేపరు చదువుకుంటన్నాడు!"

యుగంధర్ చేతిలో లడ్డూ ఆగిపోయింది. కరోనా తర్వాత వాసన రాలేదా? మరి ఆ కొబ్బరికాయ?

జనం పల్చబడ్డాక మేస్త్రిని క్రేను కిందికి తీసుకెళ్ళాడు.

"మేస్త్రీ. ఆ రోజు నేను... తాగొచ్చాను."

"అవును."

"మీకు వాసన తెలీదంట కదా. పిన్ని చెప్పింది. మరెలా..."

మేస్త్రి నవ్వాడు. "ఒరే, వాసన సూడమంటే మనిషి ఊపిరి లోపలికి తీస్తాడు. నువ్వు బిగబట్టినావు. తాగనోడు ఎందుకు బిగబడతాడు? మీ పిన్ని ముందర నాను పదేళ్ళు అలాగే బిగబట్టినాను. పైగా ఉల్లిపాయన్నావు. ఆ పొద్దు నాకు ఉపవాసం, మజ్జిగ ఒక్కటే."

యుగంధర్ తల దించుకున్నాడు. అప్పుడే అతనికి ఇంకొకటి తట్టింది.

"అయితే బల్లి పలికిన రోజు? పిల్లి ఎదురొచ్చిన రోజు? ఆ నక్షత్రాలన్నీ?"

మేస్త్రి పటం వైపు చూశాడు. "అవి ఆయనకీ నాకూ మధ్యన. పేర్లు అడక్కు." తర్వాత మెల్లగా అన్నాడు, "ఎవుణ్ణీ ఎనభై మంది ముందర ఊదించకూడదురా. ఊదినోణ్ణి, నాకు తెలుసు అది. అందుకే నాను ఊదుతాను, ఆడు దగ్గరికొస్తాడు. అంతే."

"నేను ఆ రోజు నవ్వాను మేస్త్రీ. 2009లో."

"నవ్వు వచ్చీలాగే ఉన్నాన్లే." క్రేను తాళంచెవి బొడ్లోంచి తీసి యుగంధర్ చేతిలో పెట్టాడు. "నీ పేరు పైకి రాసింది నానే. సోమవారం నుంచి నువ్వే ఇన్‌ఛార్జి."

సోమవారం ఎనిమిదింటికి యుగంధర్ చెప్పులు విడిచి, పటానికి జానెడు దూరంలో నిలబడి "హా" అన్నాడు. వెనక ఎనభై మంది నవ్వు ఆపుకుంటున్న చప్పుడు వినబడింది. తిరిగి వరసను ఈ చివరినుంచి ఆ చివరికి చూశాడు. ఇప్పుడు తన క్రేను ఎక్కేది శివాజీ. ఆ పొద్దు వాడి చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టి ఉన్నాయి.

"శివాజీ. నువ్వు రా."

శివాజీ వచ్చాడు. యుగంధర్ నోరు తెరిచాడు. శివాజీ ఊపిరి బిగబట్టాడు.

"ఏం వాసన?"

"ఉల్లిపాయ సార్."

యుగంధర్ తల పైకెత్తి కొక్కెం వైపు కాసేపు చూశాడు. తాళంచెవి తీసి బొడ్లో దోపుకున్నాడు.

"ఈ రోజు క్రేను ఆపండి. పూజలో కొట్టిన కొబ్బరికాయ కుళ్ళిపోయింది."

"ఏ పూజ సాబ్?" అన్నాడు ధనీరామ్ నోరెళ్ళబెట్టి. "కాయ కొట్టి ఎనిమిది నెలలయింది!"

షెడ్డంతా గొల్లుమంది. అచ్చయ్య అయితే మేస్త్రి కొనిచ్చిన క్యారేజీ పట్టుకుని కూలబడి మరీ నవ్వాడు. మేనేజరు గది తలుపు తెరుచుకున్న చప్పుడైంది. ఇంతమంది తనను చూసి నవ్వుతుంటే యుగంధర్‌కి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సిగ్గు వెయ్యలేదు.

"నీకు ముక్కు లేదు ధనీరామ్," అన్నాడు. "శివాజీ, నువ్వు స్టోరుకి పద. పదకొండింటికి మజ్జిగ పంపిస్తాను."